న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలు: క్వీన్స్‌లో మా పిల్లల చదువును బట్టి ఒక సమీక్ష

న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ అమెరికా మొత్తంలో అతి పెద్దది. సుమారు 9 లక్షల మంది విద్యార్థులు, 32 ప్రాంతీయ జిల్లాలు ఉన్న ఈ వ్యవస్థ 2002 నుంచి మేయరు అధీనంలో నడుస్తోంది. నగరంలో ఒక భాగమైన క్వీన్స్‌లో మా పెద్దమ్మాయి కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు దాకా ఈ బడుల్లోనే చదివింది. చిన్నవాడు ఇంకా ప్రాథమిక తరగతుల్లో ఉన్నాడు. ఇన్నేళ్ల అనుభవం మీద నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: ఈ వ్యవస్థ గొప్పతనం మనవాళ్లు పదేపదే చెప్పుకునే స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్ వంటి, ప్రవేశ పరీక్ష పెట్టే పేరున్న హైస్కూళ్లలో కంటే ఇంటి పక్క వీధిలోని మామూలు బడిలోనే ఎక్కువగా తెలుస్తుంది.

చేర్పించడం దగ్గరే ఆ సంగతి అర్థమవుతుంది. చిరునామాకు రెండు రుజువులు, పుట్టిన తేదీ తెలిపే పత్రం, టీకాల వివరాలు ఉంటే చాలు. వీసా ఏమిటని అడగరు. వలస స్థితి కారణంగా ఏ బిడ్డకూ ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించరాదని 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎల్‌కేజీ సీటు కోసం సిఫారసులు, డొనేషన్లు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూలు చూసి వచ్చిన మనకు ఇది చిన్న విషయం కాదు. 2017 నుంచి పిల్లలందరికీ, ఇంటి ఆదాయంతో నిమిత్తం లేకుండా, మధ్యాహ్న భోజనం ఉచితం. 2022 నుంచి శుక్రవారాల్లో ప్రధానంగా శాకాహారమే వండుతున్నారు కనుక శాకాహారుల ఇళ్లలో ఆ ఒక్కరోజైనా డబ్బా కట్టే పని తప్పుతుంది.

భాష విషయంలో కొంత వివరంగా చెప్పాలి. బడిలో చేర్చేటప్పుడే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయించుకుంటారు. అవసరమైన పిల్లలకు పరీక్ష పెట్టి ఇంగ్లీషులో ప్రత్యేక శిక్షణ ఇస్తారు. బడి నుంచి వచ్చే ముఖ్యమైన కాగితాలను ఇంగ్లీషు నుంచి మరికొన్ని భాషల్లోకి అనువదిస్తారు. వాటిలో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అయితే అడిగితే ఫోనులో తెలుగు దుబాసీని కలుపుతారు. పెద్దమ్మాయి చిన్న తరగతుల్లో ఉండగా ఒకసారి మా అత్తగారు టీచరుతో మాట్లాడటానికి వచ్చారు. పిల్లల బల్ల మీద స్పీకరు పెట్టిన ఫోను, ఆ చిన్న కుర్చీలో ఆవిడ. మార్కుల ఊసే ఎత్తకుండా, "పిల్ల క్లాసులో నోరు విప్పుతోందామ్మా?" అని అడిగారు. టీచరు నోటుపుస్తకం తెరిచి, అమ్మాయి ఏ రోజు ఏ ప్రశ్న అడిగిందో తాను రాసుకున్నది చదివి వినిపించారు. తెలుగు దుబాసీ కావాలంటే మాత్రం ముందే బడికి చెప్పాలి; టీచరుతో మాట్లాడటానికి కేటాయించేది కొద్ది నిమిషాలే, అందులో సగం అనువాదానికే పోతుంది.

చదవడం నేర్పే పద్ధతి మారడం నేను కళ్లారా చూశాను. పెద్దమ్మాయి రోజుల్లో బొమ్మను చూసి, సందర్భాన్ని బట్టి పదాన్ని ఊహించమనేవారు. 2023లో కొన్ని జిల్లాల్లో మొదలై మరుసటి ఏడు అన్ని ప్రాథమిక బడులకూ విస్తరించిన కొత్త విధానంలో అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో నేర్పుతున్నారు. గుణింతాలు దిద్ది చదువు నేర్చిన మనకు ఇందులో కొత్తేమీ కనిపించదు గాని, చిన్నవాడు ఎన్నడూ చూడని పదాన్ని కూడబలుక్కుని చదివినప్పుడు ఈ మార్పు ఇంకా ముందే రావలసిందనిపించింది.

ఇక హైస్కూలు ప్రవేశం. ఇక్కడ 400కు పైగా హైస్కూళ్లున్నాయి. ప్రాధాన్య క్రమంలో ఎంపికలు ఇస్తే లాటరీ అంకె, ఏడో తరగతి మార్కులు, ఆయా బడుల నిబంధనలను బట్టి సీటు వస్తుంది. స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్ సహా ఎనిమిది ప్రత్యేక హైస్కూళ్లకు మాత్రం ఒకే ఒక్క ప్రవేశ పరీక్ష; ఏటా సుమారు 25 వేల మంది రాస్తే దాదాపు 4 వేల మందికి సీట్లు దక్కుతాయి. మన ఇళ్లలో ఆరో తరగతి నుంచే కోచింగ్ మొదలై శనాదివారాలు దానికే పోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. మా అమ్మాయి ఆ పరీక్ష రాయలేదు. పెద్ద మామూలు హైస్కూల్లో చేరి, కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు చదివింది, వాద్యబృందంలో వాయించింది, రాష్ట్రం పెట్టే రీజెంట్స్ పరీక్షలు గట్టెక్కింది. పదమూడేళ్ల పిల్ల రాసే ఒక్క పరీక్ష మీద ఇంటిల్లిపాది ఆశలు పెట్టడం ఇక్కడి అవకాశాలు తెలియకపోవడం వల్లనే.

లోపాలు తక్కువేమీ కావు. న్యూయార్క్ రాష్ట్రపు బడులు దేశంలోనే అత్యధికంగా జాతుల వారీగా విడిపోయి ఉన్నాయని 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఆ పరిస్థితికి ఈ నగరమే ప్రధాన కారణం. బడి రేటింగు చూసి అద్దె ఇల్లు వెతికే మనమందరం ఆ విభజనకు తోడ్పడుతున్నాం. తరగతిలో రద్దీ మరో సమస్య. 2022 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం మూడో తరగతి దాకా 20 మంది, ఎనిమిది దాకా 23 మంది, హైస్కూల్లో 25 మందికి మించి ఉండకూడదు. దాన్ని దశలవారీగా అమలు చేస్తున్నారు. క్వీన్స్‌లో ఇప్పటికే కిక్కిరిసిన భవనాల్లో అదనపు గదులు ఎక్కడి నుంచి వస్తాయన్నది పెద్ద చిక్కు. కొత్తగా వచ్చే కుటుంబాలు ఇల్లు ఖాయం చేసుకునే ముందు రేటింగు అంకెతో సరిపెట్టుకోకుండా, ఆ బడి పిల్లలను వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, అక్కడి తల్లిదండ్రులను తరగతికి ఎంతమంది ఉన్నారో, టీచర్లు ఎన్నేళ్లుగా నిలకడగా ఉన్నారో అడిగి తెలుసుకోవాలని నా సలహా.