మూడు రైఫిళ్ల పక్కన నాలుగోది: .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ ఎంపికపై ఒక సమీక్ష

కొలరాడోలో స్థిరపడిన పదహారేళ్లలో నా ఇనప్పెట్టెలోకి మూడు రైఫిళ్లు చేరాయి. సాధనకూ కుందేళ్లకూ .22, మ్యూల్ డీర్ జింకలకూ ప్రాంగ్‌హార్న్‌లకూ .243 విన్‌చెస్టర్, ఎల్క్‌కు ఇక్కడివాళ్లు 'థర్టీ ఆట్ సిక్స్' అని పిలుచుకునే .30-06. ఎల్క్ ఎలా ఉంటుందో తెలియనివారు మన అడవుల్లోని కణుజును తలచుకుని, దాన్ని మరికాస్త పెద్దది చేసి ఊహించుకుంటే సరిపోతుంది. పెరిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ఈ మూడింటితో నాకు ఏ లోటూ తెలియలేదు. అలాస్కాలో మూస్ (ఎల్క్ కన్నా పెద్దదైన జింక జాతి జంతువు) వేటకు తనతో రమ్మని ఒక మిత్రుడు పిలిచిన తర్వాతే నాలుగో రైఫిల్ ఆలోచన మొదలైంది. చివరకు .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ తీసుకున్నాను (మ్యాగ్నమ్ అంటే మామూలు కన్నా ఎక్కువ మందు పట్టే తూటా). ఏడాదిన్నరలో దాదాపు రెండు వందల యాభై తూటాలు కాల్చి, ఒక మూస్‌ను పడగొట్టిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. రైఫిల్ ఏ కంపెనీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు కాబట్టి కాలిబర్ గురించి, అంటే గుండు వ్యాసాన్ని అంగుళాల్లో సుమారుగా చెప్పే .338 వంటి కొలత, దానికి తగిన తూటా గురించి మాత్రమే రాస్తాను. తూటా అన్నప్పుడు ఇత్తడి తొడుగు, మందు, గుండు కలిసిన మొత్తాన్నీ, గుండు అన్నప్పుడు జంతువును తాకే భాగాన్నీ ఉద్దేశిస్తున్నానని ముందే చెప్పడం మంచిది.

పెద్ద కాలిబర్ కొనాలనుకున్న ప్రతివాడూ మొదట శక్తి పట్టికలు తిరగేస్తాడు. నేనూ అదే చేశాను. 100 గ్రెయిన్ల (సుమారు ఆరున్నర గ్రాముల) గుండుతో .243 ఇచ్చే శక్తి గొట్టం మూతి దగ్గర సుమారు 1,900 అడుగు-పౌండ్లు (తూటా శక్తిని కొలిచే ప్రమాణం). 180 గ్రెయిన్ల .30-06కు అది సుమారు 2,900. అదే బరువు గుండుతో.300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌కు 3,500, 225 గ్రెయిన్ల.338కు 3,900, 300 గ్రెయిన్ల.375 హెచ్ అండ్ హెచ్‌కు 4,200 పైచిలుకు. ఈ వరుస చూస్తే పై మెట్టుకు ఎగబాకాలనే అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఉన్నవాటికి కొత్తది ఏం కలుపుతుందో ఈ పట్టిక చెప్పదు. కొలరాడో నిబంధనల ప్రకారం 85 గ్రెయిన్లు, ఆపైన బరువుండి, తగిలినప్పుడు విచ్చుకునే గుండుతో, వంద గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగిలేటట్లయితే .243తో కూడా ఎల్క్‌ను వేటాడవచ్చు. నేను వేటాడను, అది వేరే సంగతి. చట్టం పెట్టిన గీతే అంత కింద ఉన్నప్పుడు శక్తి అంకెలను ఎంతవరకు నమ్మాలో మనమే ఆలోచించుకోవాలి.

మిత్రులలో ఎక్కువమంది .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ వైపు మొగ్గు చూపారు. 1963లో వచ్చిన ఆ తూటా గొప్పదే, దొరకడమూ తేలికే. అయితే దాని గుండు వ్యాసం .30-06 గుండు వ్యాసమే, అంటే .308 అంగుళాలు. అదే గుండు సెకనుకు మరో రెండు వందల యాభై అడుగుల చిల్లర వేగంతో వెళ్తుంది, అంతే తేడా. నాలుగు వందల గజాల అవతల కాల్చేవారికి ఆ వేగం విలువైనదే. నేను మూడు వందల గజాలు దాటి ఏ జంతువు మీదా ట్రిగ్గర్ నొక్కను కనుక, నా వరకు అది ఇంట్లో ఉన్న చీరనే అంచు మార్చి మళ్లీ కొన్నట్టు అవుతుంది. ఇంట్లో .30-06 లేనివారికి నేను చెప్పే మాట వేరుగా ఉండేది.

మరో కొసన .375 హెచ్ అండ్ హెచ్ ఉంది. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ 1912లో తెచ్చిన ఈ తూటాకు వయసుతో పాటు గౌరవమూ పెరిగింది. ఆఫ్రికాలో పలు దేశాలు ప్రమాదకరమైన జంతువుల వేటకు కనీస కాలిబర్‌గా దీన్నే నిర్ణయించాయి. కేప్ బఫెలో మీద ఆశ ఉన్నవారు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే కొనవచ్చు. నాకు ఆ ఆశ లేదు. పైగా దాని పొడవు 3.6 అంగుళాలు కావడంతో పొడవాటి మ్యాగ్నమ్ యాక్షన్ (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే యంత్రభాగం) అవసరమవుతుంది, రైఫిల్ బరువు పెరుగుతుంది. అలాస్కా చిత్తడి నేలల్లో రోజంతా భుజాన మోసేటప్పుడు ప్రతి పౌనూ సాయంత్రానికి లెక్కకొస్తుంది.

ఈ రెంటికీ నడుమ నన్ను చాలాకాలం ఊగించినవి .35 వీలెన్, 9.3×62. మొదటిది .30-06 తొడుగు మెడనే వెడల్పు చేసి 1922లో రూపొందించిన తూటా. దశాబ్దాల పాటు సొంతంగా తూటాలు నింపుకునేవారికే పరిమితమై, 1980ల చివర రెమింగ్టన్ చేతుల మీదుగా అంగళ్లలోకి వచ్చింది. రెండోది 1905లో బెర్లిన్‌కు చెందిన ఒట్టో బాక్ తయారుచేసినది. మామూలు పొడవు యాక్షన్‌లో ఇమిడి, 286 గ్రెయిన్ల గుండును వేగం కోసం ఆరాటపడకుండా నింపాదిగా పంపుతుంది. నా భుజం మరికాస్త బలహీనమైనదై ఉంటే వీలెన్ తీసుకునేవాడిని. 9.3 తూటాలు మా ఊరి అంగళ్లలో కనిపించడమే అరుదు కావడంతో దాన్ని ఇష్టం లేకుండానే వదులుకున్నాను.

.338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 1958 నాటిది. .375 హెచ్ అండ్ హెచ్ తొడుగును పొట్టిచేసి, దాని ఏటవాలు గోడలను నిటారుగా చేసి, మెడను .338 అంగుళాలకు తగ్గిస్తే ఇది వస్తుంది. ఫలితంగా మొత్తం పొడవు .30-06కు సమానంగా ఉండి, మామూలు పొడవు యాక్షన్‌లోనే సరిపోతుంది. తొడుగు అడుగున ఉన్న బెల్టు తాతల నాటి ఆచారం లాంటిది. .375లో భుజాలు బాగా ఏటవాలుగా ఉండడం వల్ల గదిలో (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటులో) తూటా ఎంత లోతున ఆగాలో చెప్పడానికి ఆ బెల్టు అవసరమైంది; .338కు చక్కని భుజం ఉన్నా వారసత్వంగా బెల్టు మిగిలిపోయింది. స్వయంగా తూటాలు నింపుకునేవారు సైజింగ్ డైని (కాల్చిన తొడుగును తిరిగి కొలతకు తెచ్చే అచ్చును) బెల్టు ఆధారంగా కాకుండా భుజం ఆధారంగా సరిచేసుకుంటే ఇత్తడి తొడుగులు మరికొన్ని సార్లు పనికొస్తాయి. ఈ సంగతి తెలియక నేను మొదట్లో మంచి తొడుగులు ఇరవై దాకా బెల్టుకు కాస్త పైన చీలిక గీతలు రావడంతో పారేశాను.

నన్ను ఒప్పించినది దీని గుండ్ల బరువు. గుండు బరువుకూ దాని వ్యాసపు వర్గానికీ ఉన్న నిష్పత్తిని సెక్షనల్ డెన్సిటీ అంటారు. అది పెరిగే కొద్దీ, నిర్మాణం ఒకేలా ఉంటే, గుండు లోతుగా దిగుతుంది. 180 గ్రెయిన్ల .30 గుండుకు అది .271, 225 గ్రెయిన్ల .338 గుండుకు .281, 250 గ్రెయిన్లకు .313. పేరుమోసిన 300 గ్రెయిన్ల .375 గుండుకు కూడా .305 మాత్రమే. అంటే 250 గ్రెయిన్లు పెట్టుకున్న .338 లోతు విషయంలో తన మాతృక కన్నా తక్కువ తినలేదు. అలాగని వంగుబాటు మరీ ఎక్కువా అంటే అదీ కాదు. 225 గ్రెయిన్లతో రెండు వందల గజాలకు గురి కట్టుకుంటే మూడు వందల దగ్గర గుండు సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది, నా.30-06 కూడా ఇంచుమించు అంతే దిగుతుంది. చేతికి అలవాటైన గురి లెక్కలు కొత్త రైఫిల్‌కు కూడా పనికిరావడం చిన్న సౌకర్యం కాదు.

ఇక తన్ను సంగతి. ఈ కాలిబర్ గురించి ఎవరు ఏం చెప్పినా చివరకు మాట ఇక్కడికే రావాలి. ఎనిమిది పౌన్ల .30-06 భుజం మీదకు సుమారు 20 అడుగు-పౌండ్లతో తన్నుతుంది. తొమ్మిది పౌన్ల .338 తన్ను 33 దాకా ఉంటుంది. అంకెల్లో అది సగానికి పైగా పెరుగుదల. భుజానికి మాత్రం అది వేరే జాతి దెబ్బ, తోపు కన్నా గుద్దులా తగులుతుంది. మొదటి రోజు ఫైరింగ్ రేంజ్‌లో బల్ల ముందు కూర్చుని ఇరవై తూటాలు ఏకబిగిన కాల్చాను. అది తెలివితక్కువ పని. పద్దెనిమిదో తూటాకు స్కోప్ అంచు కనుబొమ మీద కొట్టి రక్తం వచ్చింది. పాత రైఫిల్ నుంచి తీసి బిగించిన ఆ స్కోప్‌కు కంటికి కావలసిన దూరం మూడు అంగుళాలైనా లేదు; .338 మీద నాలుగు అంగుళాల దాకా ఖాళీ ఇచ్చేది తప్పనిసరి. కొత్త స్కోప్ ఖర్చును రైఫిల్ ధరలోనే కలుపుకోవాలని అప్పుడు అర్థమైంది.

కనుబొమ గాయం వారంలో మానింది, ఉలికిపాటు మాత్రం రెండు నెలలు నిలిచింది. దాన్ని బయటపెట్టింది నా మిత్రుడు. నేను చూడకుండా మ్యాగజైన్‌లో రెండు అసలు తూటాల నడుమ ఒక డమ్మీ తూటా పెట్టి ఇచ్చాడు. డమ్మీ వంతు వచ్చి ట్రిగ్గర్ ఖాళీగా క్లిక్కుమన్నప్పుడు గొట్టం మూతి స్పష్టంగా కిందికి వంగింది. ఇద్దరమూ నవ్వుకున్నాం గానీ నాకు లోలోపల సిగ్గేసింది. తర్వాత పద్ధతి మార్చాను. .22తో యాభై, .30-06తో పది, చివరగా నిలబడో మోకాలి మీదో .338తో అయిదు, అంతకు మించి ఒక్కటి కూడా లేదు. మజిల్ బ్రేక్ (గొట్టం మూతికి తగిలించే రంధ్రాల భాగం) బిగించుకోమని చాలామంది చెప్పారు. అది తన్నును నిజంగానే తగ్గిస్తుంది. కానీ చప్పుడును పక్కలకు చిమ్మి, పక్కనున్నవాడి చెవులను చిల్లులు పొడుస్తుంది. వేటలో అందరూ చెవి రక్షణ పెట్టుకోరు కనుక నేను వద్దనుకున్నాను.

అలాస్కా వన్యప్రాణి శాఖ వేటగాళ్లకు ఇచ్చే సలహా కూడా ఈ ఉలికిపాటు గురించే. పెద్ద మ్యాగ్నమ్‌లు మోసుకొచ్చేవారిలో చాలామంది వాటిని సరిగా కాల్చలేరనీ, మంచి గుండు వేసి, కుదురుగా కాల్చిన .30-06 అక్కడి జంతువులకు చాలుననీ ఆ శాఖ చెబుతుంది. నా అనుభవం దీన్ని కాదనలేదు. సెప్టెంబరులో అయిదో రోజు సాయంత్రం ఒక మగ మూస్ చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి కనిపించింది. నీళ్లలో పడిన మూస్‌ను బయటికి లాగడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు, మాంసం అడవిలో వదిలేయడం అక్కడ నేరం. అందువల్ల అది గట్టెక్కేదాకా ఆగాం. నూట నలభై గజాల దూరంలో అది ఏటవాలుగా తిరిగినప్పుడు భుజం వెనుక 225 గ్రెయిన్ల నోస్లర్ పార్టిషన్ దిగింది. ఎనిమిదో తొమ్మిదో అడుగులు వేసి కూలింది. గుండు అవతలి వైపు నుంచి వెళ్లిపోయింది. నా .30-06తో పడిన ఎల్క్‌లు కూడా దాదాపు ఇలాగే పడ్డాయి. తేడా అల్లా, ఆ ఏటవాలు కోణంలో .30-06తో అయితే నేను ఇంకాసేపు ఆగేవాడిని. .338 నాకు ఇచ్చింది ఆ ఒక్క కోణమే. దానికి అంత డబ్బు పెట్టాలా అంటే, మూస్ దేశానికి వెళ్లేవాడు పెట్టవచ్చంటాను.

మధ్యలో చిన్న ముచ్చట. ఆ గుండు పుట్టిందే మూస్ వల్ల. 1946లో బ్రిటిష్ కొలంబియాలో తన గుండ్లు ఒక మూస్ మీద సరిగా దిగకపోవడంతో జాన్ నోస్లర్ గుండు మధ్యలో అడ్డుగోడ పెట్టి, ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెదరకుండా ఉండే పార్టిషన్‌ను రూపొందించాడు. పెద్ద కాలిబర్ కొని చవక గుండ్లు వాడేవారికన్నా మామూలు కాలిబర్‌లో ఇలాంటి గుండ్లు వాడేవారే నా దృష్టిలో తెలివైనవారు. 2019 జూలై నుంచి వేటలో సీసం గుండ్లను పూర్తిగా నిషేధించిన కాలిఫోర్నియాలో ఉన్నవారు రాగి గుండ్లే కొనాలి. సీసం కన్నా తేలికైన లోహం కావడంతో రాగి గుండు అదే బరువుకు పొడవుగా ఉంటుంది, కాబట్టి 250 గ్రెయిన్లకు బదులు 210 లేదా 225తో సరిపెట్టుకోవడం మేలు.

ఖర్చు విషయంలో దాపరికం అనవసరం. నేను కొన్నప్పుడు ఇరవై తూటాల .338 పెట్టెకు .30-06 పెట్టె ధర కన్నా దాదాపు రెట్టింపు పెట్టాను. విమానంలో తుపాకీని ఖాళీచేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పి లగేజీలో ఇవ్వాలి. తూటాలకు సాధారణంగా 5 కిలోల పరిమితి ఉంటుంది. తూటాల సంచి దారితప్పినా అలాస్కా అంగళ్లలో .338 దొరుకుతుంది, ఆ భరోసా 9.3కు లేదు.

అమెరికాలోని మనవాళ్లు కాలిబర్ కన్నా ముందు చూసుకోవలసినది తమ వీసా. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చాక ఆ నిషేధం వర్తించదు. అయితే అలాస్కాకు బయటినుంచి వెళ్లేవారిలో అమెరికా పౌరులు కానివారు ఏ పెద్ద జంతువును వేటాడాలన్నా లైసెన్సున్న గైడ్ వెంట ఉండి తీరాలి. పౌరులకు బ్రౌన్ బేర్, గ్రిజ్లీ, డాల్ షీప్, మౌంటెన్ గోట్ విషయంలోనే ఆ నియమం. మా ఇద్దరికీ పౌరసత్వం ఉంది కాబట్టే మూస్ వేటకు గైడ్ లేకుండా వెళ్లగలిగాం. గైడ్ రుసుము లెక్కవేస్తే రైఫిల్ ధర చిల్లర కింద కనిపిస్తుంది.

జింకలకూ ఎల్క్‌కూ మాత్రమే వెళ్లేవారు, ఇంట్లో .30-06 గానీ .308 గానీ ఉంటే, .338 కొనకండి, ఆ డబ్బుతో మంచి స్కోప్, పది పెట్టెల తూటాలు కొనుక్కోండి. .243 తర్వాత ఇంకేమీ లేనివారు మధ్య మెట్టును ఎగరగొట్టి నేరుగా దీనికి రాకండి. ఈ శరదృతువులో ఎల్క్‌కు నేను కూడా .30-06నే తీసుకెళ్తున్నాను. .338కు మాత్రం ఒకే లాట్ నంబరున్న 225 గ్రెయిన్ల పెట్టెలు నాలుగు కొని, వచ్చే ఏడాది సెప్టెంబరు కోసం పక్కన పెట్టాను.