మెట్‌ఫార్మిన్ 500 మాత్ర: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఒంగోలులో ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించి రిటైరైన నేను, షుగరు వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్రను తొమ్మిదేళ్లుగా ఉదయం, రాత్రి భోజనంతో పాటు వేసుకుంటున్నాను. ట్రంకు రోడ్డు దగ్గరి జనరిక్ మందుల షాపులో మాత్ర రెండు రూపాయల లోపే దొరుకుతుంది. మొదటి రెండు వారాలు కడుపులో గడబిడగా ఉండి తర్వాత సర్దుకుంది. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 6.9కి దిగింది, బరువు పెరగలేదు. ఈ విషయంలో మందుపై నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కొత్త డబ్బా మూత తీయగానే కొత్తపట్నం ఒడ్డున ఎండబెట్టిన చేపల వాసన గుప్పుమంటుంది. అది గంధకం వాసనని చాలామంది అనుకుంటారు గానీ, మెట్‌ఫార్మిన్ అణువులో కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ తప్ప గంధకం పరమాణువు ఒక్కటి కూడా లేదు. గంధకం ఉండేది గ్లిమిపిరైడ్ వంటి సల్ఫోనైల్‌యూరియా రకం షుగరు మందుల్లో. అయినా మన కణాల్లోని గంధకం లెక్కను తారుమారు చేయగలిగినది ఈ మెట్‌ఫార్మినే.

అది ఎలాగో నా అరికాళ్లు చెప్పాయి. మందు మొదలుపెట్టిన ఏడో ఏట ఒకనాడు కుడికాలి చెప్పు గుమ్మంలోనే ఊడిపోతే, ఆ సంగతి తెలియకుండా వీధి మలుపు దాకా నడిచి వెళ్లాను. చూపించుకున్న చోట "షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయి" అని ఒక్క మాటతో సరిపెట్టారు. తర్వాత, డాక్టరు చదివిన మా మేనకోడలు "మామయ్యా, విటమిన్ బీ12 పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగేదాకా నాకూ ఆ ఆలోచన రాలేదు. నేను శాకాహారిని, పాలు, పెరుగు తప్ప బీ12 వచ్చే దారి లేదు. పరీక్షలో బీ12 తక్కువగా 162, బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ 27 వచ్చాయి. హోమోసిస్టీన్ 15 దాటకూడదు.

పప్పులోనో పాలలోనో వచ్చే మెథియోనిన్ గంధకం ఉన్న అమైనో ఆమ్లం. కణం దాని మిథైల్ సమూహాన్ని వాడుకున్నాక మిగిలేది హోమోసిస్టీన్. దానికి రెండు దారులున్నాయి: బీ12, ఫోలేట్ అనే మరో బీ విటమిన్ సాయంతో మళ్లీ మెథియోనిన్‌గా మారడం, లేదా బీ6 సాయంతో సిస్టీన్‌గా మారి, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ తయారీకి ఉపయోగపడడం. చిన్నపేగు చివరి భాగంలో బీ12 లోపలికి వెళ్లే పనికి మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది కనుక, ఏళ్ల తరబడి వాడితే మొదటి దారి క్రమంగా మూసుకుపోయి హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది. అలాంటప్పుడు ఫోలిక్ ఆసిడ్ (మాత్ర రూపంలోని ఫోలేట్) ఒక్కటే వేసుకుంటే బీ12 లోపంతో వచ్చే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లోనే, మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గడం తరచుగా కనిపించేదేనని, లక్షణాలుంటే పరీక్షించాలని, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని అప్పుడప్పుడు గమనిస్తుండాలని చెప్పింది. నా స్ట్రిప్పు మీద మాత్రం ఆ ముక్క లేదు, ఏడేళ్లలో నాకెవరూ చెప్పనూ లేదు. అందుకే ఐదు నక్షత్రాలకు నాలుగే ఇస్తున్నాను.

మాత్ర మానలేదు, మీరూ సొంతంగా మానవద్దు. బీ12 రూపమైన మిథైల్‌కోబాలమిన్ ఇంజక్షన్లు, ఆపైన మాత్రలతో నాలుగు నెలలకు హోమోసిస్టీన్ 12కు దిగింది. తిమ్మిరి సగం తగ్గింది. బీ12 మాత్రలు మొదలుపెట్టక ముందే పరీక్షకు రక్తం ఇవ్వండి. హోమోసిస్టీన్‌కైతే, తీసిన రక్తాన్ని ఐసులో ఉంచి త్వరగా కణాలను వేరు చేయాలి, లేకపోతే ఎర్రకణాల నుంచి హోమోసిస్టీన్ బయటికి వచ్చి అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. మన ఊళ్లలో నమూనాలను బయటి నగరాలకు పంపే ల్యాబులు ఎక్కువ కాబట్టి, చెయ్యి చాపే ముందే ఐసుపెట్టె ఉందో లేదో అడగండి.