రాగి పైపా, సీపీవీసీనా?

పర్లాకిమిడిలో మా బావ ఇల్లు కడుతున్నాడు. వేడినీళ్ల లైనుకు రాగి పైపు వెయ్యాలా, సీపీవీసీ అనే వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు వెయ్యాలా అని వారం నుంచి ఇంట్లో ఒకటే చర్చ.

వేడి దగ్గర నా ఓటు రాగికే. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. సీపీవీసీకి 93 డిగ్రీలే హద్దు. డాబా మీద సోలార్ హీటరును ఎండాకాలంలో నాలుగు రోజులు వాడకుండా వదిలేస్తే నీళ్లు ఆ హద్దు దాకా వెళ్లగలవు. పైగా పది మీటర్ల లైను 40 డిగ్రీలు వేడెక్కితే రాగి 7 మిల్లీమీటర్లు సాగుతుంది, సీపీవీసీ దాదాపు 25. సాగడానికి చోటు లేకుండా బిగించేస్తే ఆ ఒత్తిడంతా అతుకుల మీదే.

ధరలో మాత్రం రాగిని తట్టుకోలేం. టార్చితో అతకడం బాగా తెలిసిన ప్లంబరు కూడా కావాలి. సీపీవీసీకి సొల్యూషన్ రాసి, దూర్చి, కాసేపు పట్టుకుంటే చాలు.

అసలు చూడాల్సింది నీళ్లు. బోరు నీళ్ల పీహెచ్ 6.5 కన్నా తగ్గితే, అంటే నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే, అవి రాగిని లోపల్నుంచి తినేస్తాయి. తెలిసినవాళ్లింట్లో కుళాయి కింద బేసిన్ మీద నీలం, ఆకుపచ్చ కలిసిన చార చూశాను, కరిగిన రాగి మరక అది. వేలితో ఎంత రుద్దినా పోలేదు. పాత జీఐ పైపుకు (జింకు పూత వేసిన ఇనుప పైపు) రాగిని నేరుగా కలపడమూ తప్పే, జీఐ త్వరగా తుప్పు పట్టిపోతుంది.

అందుకే బావకు ముందు నీళ్లు టెస్టు చేయించమన్నాను. బాగుంటే హీటరు దగ్గర, డాబా మీద ఎండ తగిలే ముక్క వరకు రాగి. గోడల్లోకి దిగాక సీపీవీసీ.