విజార్డ్ మిక్స్ కోలియస్ విత్తనాలు: కొనొచ్చా?

కోలియస్ అంటే ఆకుల రంగుల కోసం పెంచే మొక్క. అందులో పలు రంగుల విత్తనాలు కలిపి అమ్మే రకం విజార్డ్ మిక్స్. రకరకాల రంగులు కలగలిసి వస్తే చాలనుకుంటే ఇది కొనండి. ఫలానా రంగే కావాలంటే మాత్రం దీని జోలికి పోకండి. నర్సరీలో కంటికి నచ్చిన మొక్క తెచ్చుకోవడమే నయం. మిక్స్‌లో ముదురు ఎరుపు వస్తుందో, ఆకుపచ్చ అంచుతో తెల్లటి ఆకు వస్తుందో మొలిచాక గానీ తెలియదు.

ఈ రకంలో మెచ్చుకోవాల్సింది దాని గుబురు. 30–35 సెం.మీ. ఎత్తులో ఆగి, మొదట్లోనే పక్క కొమ్మలు వేస్తుంది. తలలు తుంచాల్సిన పని పెద్దగా ఉండదు. 8 అంగుళాల కుండీకి ఒకటి, 12 అంగుళాల దానికి మూడు సరిపోతాయి.

చిక్కంతా మొలకెత్తించడంలోనే. గింజలు ఆవగింజ కన్నా బాగా చిన్నవి, పైగా మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. మట్టి కప్పారా, ప్యాకెట్ వృథా. పొడి సన్న ఇసుకలో కలిపి, తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. 21–24 డిగ్రీల్లో 10–14 రోజులకు మొలుస్తాయి. మొలకలు కనబడగానే కవరు తీసేయాలి. లేకపోతే కాడ మొదట్లో కుళ్లి నారంతా వాలిపోతుంది. నీళ్లు స్ప్రేతోనే కొట్టాలి. మన ఊళ్లలో సెప్టెంబరు చివర, అక్టోబరు అనువు. ఏప్రిల్, మే నెలల్లో విత్తడం దండగ.

నారు తొలి ఆకులు చూసి ‘అన్నీ పచ్చగానే ఉన్నాయే’ అని తొందరపడి పీకకండి. ఆకుల జతలు పెరిగేకొద్దీ రంగు తేలుతుంది. బక్కగా, నిదానంగా పెరిగేవాటిలోనే చాలాసార్లు మంచి రంగులుంటాయి.

కుండీలోకి ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒకటి, కోకోపీట్ ఒకటి, గుప్పెడు వేపపిండి. యూరియా వేస్తే ఆకు పెద్దదవుతుంది గానీ రంగు పచ్చబడుతుంది. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు చాలు. మరీ చీకట్లో పెడితే రంగు మసకబారుతుంది, మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకు వెలిసి అంచులు మాడతాయి. పూల కంకి రాగానే గిల్లేయండి, వదిలితే ఆకులు చిన్నబోతాయి.

పిండినల్లి (తెల్లటి పిండిలా కనిపించే పురుగు) ఆకు కాడల మూలల్లో చేరుతుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

పెద్ద ఆకుల మోజు ఉన్నవాళ్లకు కోలియస్‌లోనే కాంగ్ అనే మరో రకం ఉంది. అది నీడ మొక్క, డాబా మీది గాలికి ఆకులు చిరుగుతాయి. బాల్కనీకి విజార్డే మేలు.

నచ్చిన రంగు దొరికితే దాని గింజల మీద ఆశపెట్టుకోవద్దు, అదే రంగు రాదు. 8–10 సెం.మీ. కొమ్మ తుంచి, కింది ఆకులు తీసి, నీళ్ల గ్లాసులో నిలబెట్టండి. రెండ్రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం, పది రోజుల్లో వేళ్లొస్తాయి.