ఐదు లెవెల్ ఇన్వర్టర్: క్యాస్కేడెడ్ హెచ్-బ్రిడ్జా, డయోడ్ క్లాంప్డా?

ఒడిశాలో పర్లాకిమిడి, గునుపూరు వైపు ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లలు తేల్చుకోలేనిది ఇదే. ఇన్వర్టర్ డీసీని ఏసీగా మారుస్తుంది, ఐదు లెవెల్ అంటే ఆ ఏసీ ఐదు వోల్టేజ్ మెట్లలో వస్తుంది. క్యాస్కేడెడ్ హెచ్-బ్రిడ్జ్‌లో నాలుగేసి స్విచ్‌ల సెల్స్‌ని వరసగా కలుపుతారు, ఒక్కో సెల్‌కి సొంత డీసీ సోర్సు. డయోడ్ క్లాంప్డ్‌లో ఒకే డీసీ బస్ (ఉమ్మడి డీసీ లైను) వోల్టేజ్‌ని కెపాసిటర్లతో మెట్లుగా విడగొట్టి, డయోడ్లతో స్విచ్‌లని ఆ మెట్లకి కట్టేస్తారు.

స్విచ్‌లు: రెండిట్లోనూ ఫేజ్‌కి 8, తేడా లేదు.

ఖర్చు: డయోడ్ క్లాంప్డ్‌లో ఒకే వోల్టేజ్ రేటింగ్‌వి వాడితే ఫేజ్‌కి 12 డయోడ్లు అదనం, హెచ్-బ్రిడ్జ్‌లో అవి ఉండవు గానీ ఫేజ్‌కి 2 విడివిడి డీసీ సోర్సులు కావాలి, త్రీఫేజ్ అంటే 6.

రిస్క్: డయోడ్ క్లాంప్డ్‌లో డీసీ బస్ మీద 4 కెపాసిటర్లూ సమానంగా నిలవాలి, లోడ్ లాగుతుంటే మధ్యవి రెండూ ఖాళీ అయిపోయి బయటివాటి వోల్టేజ్ పెరిగిపోతుంది, ఐదు మెట్లు కాస్తా మూడైపోతాయి, ఆసిల్లోస్కోప్‌లో కళ్లారా కనిపిస్తుంది.

రిపేరు: హెచ్-బ్రిడ్జ్‌లో పోయిన సెల్ విప్పేసి ఇంకోటి పెట్టొచ్చు, నాకైతే ఇదే పెద్ద ప్లస్.

సోలార్, బ్యాటరీలైతే హెచ్-బ్రిడ్జే, సోర్సులు ఎలాగూ విడిగానే ఉంటాయి కదా. మిల్లు మోటార్‌ని ఒకే డీసీ బస్‌తో నడపాలంటే డయోడ్ క్లాంప్డ్, కానీ 3 లెవెల్ దగ్గరే ఆగండి, అక్కడ కెపాసిటర్లు రెండే, బ్యాలెన్సింగ్ చేతిలో ఉంటుంది.