తీరం నేలలో ఇల్లు: ప్లేట్ లోడ్ టెస్టా, బోరు టెస్టా?

ఇచ్ఛాపురం నుంచి బరంపురం, గోపాల్‌పూర్ దాకా కొత్తగా స్థలం కొన్న మనవాళ్లు ఎవరు ఫోను చేసినా అడిగేది ఒకటే. ఇంజినీరు సాయిల్ టెస్టు చేయించమన్నాడు, ప్లేట్ లోడ్ చాలదా, బోరు కూడా వేయించాలా అని. ప్లేట్ లోడ్ అయితే కళ్లెదుట జరుగుతుంది కదా అని జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు.

ఆ మాటలో నిజముంది. పునాది మట్టం దాకా గొయ్యి తవ్వి, ఇనుప ప్లేటు పెట్టి, జాకీతో బరువు ఎక్కిస్తూ ఎంత దిగిందో డయల్ గేజి మీద చదువుతారు. యజమాని పక్కనే నిలబడి చూడొచ్చు. కొండల వైపు గట్టి మొరం నేలలకీ, గులకరాళ్లు కలిసిన నేలలకీ నేనూ అదే చెబుతాను. బోరు టెస్టు అంటే నేలలో రంధ్రం వేస్తూ, అడుగున స్పూను అనే ఉక్కు గొట్టాన్ని సుత్తితో దిగ్గొట్టి దెబ్బలు లెక్కపెట్టడం. అందులో స్పూను రాయికి తగిలి ఆగిపోతే ఆ దెబ్బల లెక్కకు అర్థం ఉండదు.

సముద్రం దగ్గర మాత్రం బోరే మేలు. కారణం లోతు. ప్లేటు ఒత్తిడి దాని వెడల్పుకు సుమారు రెండింతల లోతు దాకానే గట్టిగా పనిచేస్తుంది. 30 సెంటీమీటర్ల ప్లేటు కింద 60 సెంటీమీటర్ల మట్టి సంగతే తెలుస్తుంది. రేపు అక్కడ వచ్చేది రెండు మీటర్ల వెడల్పు ఫుటింగు (స్తంభం కింది కాంక్రీటు దిమ్మ), దాని బరువు నాలుగు మీటర్ల దాకా దిగుతుంది. మధ్యలో మూడు మీటర్లకు పైగా మట్టిని ఎవరూ చూడనట్టే. మన తీరంలో చిక్కంతా అక్కడే. బాహుదా, రుషికుల్య సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పుటేర్ల పక్కన, సోంపేట బీల లాంటి పల్లాల్లో పైన శుభ్రమైన ఇసుక, కింద మెత్తటి బంకమట్టి ఉండొచ్చు. ప్లేటు పైనున్న ఇసుక మీద కూర్చుని నిక్షేపంగా బరువు మోస్తుంది. బంకమట్టి మాత్రం తనలోని నీటిని మెల్లగా వదులుతూ ఏళ్ల తరబడి కుంగుతుంది. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ముగిసే టెస్టుకు ఆ కుంగుడు చిక్కదు. ఒక మూల ఇసుక, ఇంకో మూల బంక అయితే గోడలు బీటలిస్తాయి.

బోరులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టినవే ఎన్ విలువ. స్పూను విప్పితే ఆ లోతులోని మట్టి చేతిలోకి వస్తుంది. ఇసుకో బంకో వేళ్ల మధ్య నలిపి చూసుకోవచ్చు.

అయితే తీరంలో బోరును పాడుచేసేది కూడా నీరే. బోరులో నీటి మట్టం చుట్టూ నేలలోని ఊట మట్టం కన్నా తగ్గితే అడుగు నుంచి ఇసుక పొంగి కేసింగులోకి, అంటే బోరు కూలకుండా దించే గొట్టంలోకి వచ్చేస్తుంది. ఆ వదులు ఇసుకలో దెబ్బలు తక్కువ పడతాయి, మంచి నేల కూడా రిపోర్టులో మెత్తన అయిపోతుంది. చివరికి అక్కర్లేని పైల్సు (లోతుగా దించే కాంక్రీటు స్తంభాల పునాది) ఖర్చు మీ నెత్తిన పడుతుంది. అందుకే కేసింగు నిండా నీరో, బెంటొనైటు అనే బంకమట్టి కలిపిన నీరో ఉండాలి. ప్రతిసారీ స్పూను దించాక రాడ్ల పొడవును బోరు లోతుతో సరిచూడమనండి. తేడా వచ్చిందంటే ఇసుక పొంగినట్టే, బోరు మళ్లీ శుభ్రం చేయాల్సిందే. ఊట కింద సన్న ఇసుకలో 15 దాటిన ఎన్ విలువను తగ్గించి లెక్కలో వాడాలి. 25 వస్తే 20గా తీసుకుంటారు. రిపోర్టులో ఆ సవరణ కనబడకపోతే అడగండి.

మొనదేలిన ఉక్కు కోన్‌ను సుత్తితో నేలలోకి దిగ్గొట్టే డైనమిక్ కోన్ టెస్టు త్వరగా అయిపోతుంది కానీ మట్టి చేతికి రాదు. రెండు బోర్ల మధ్య నేల సరిచూసుకోవడానికి పనికొస్తుంది, అంతే. పక్కింటివాళ్ల రిపోర్టు చదవండి, దాన్ని నమ్ముకుని పునాది మాత్రం వేయకండి.

ఎన్ని బోర్లు? చిన్న ఇంటికి మధ్యలో ఒకటి చాలని పునాదుల నేల పరీక్షకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1892, 1979 నాటి ప్రతిలో అంది. ఏరు పక్కనో, బీల పక్కనో అయితే ఎదురెదురు మూలల్లో రెండు వేయించమంటాను. ఎండాకాలంలో టెస్టు చేసినా, వానలకు ఊట పునాది దాకా లేస్తుందనుకునే లెక్క వేయించండి. అలా లేస్తే ఇసుక నేల మోసే బరువు సగం దాకా పడిపోవచ్చు.

ఆ పనిలో పనిగా స్థలంలోని నూతి నీటిని, బోరులో పోసిన నీటిని కాదు, క్లోరైడు, సల్ఫేటు పరీక్షకు పంపండి. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ట్యాంకరు నీళ్ల ఖర్చు ముందే ఎస్టిమేటులో వేసుకోవాలి.