ఎఫ్ఎల్ స్టూడియో చాలా ఏళ్లు వాడాక: హౌస్ బీట్‌కి సూపర్, తీన్‌మార్‌కి ఓకే, గమకం దగ్గరే పేచీ

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తా, ఎందుకంటే ఎవరు అడిగినా మొదట అడిగేది అదే. ఎఫ్ఎల్ స్టూడియో అంటే కంప్యూటర్‌లో బీట్లు, పాటలు చేసుకునే సాఫ్ట్‌వేర్, దాని ప్రొడ్యూసర్ ఎడిషన్ నేను వెర్షన్ 12 నడుస్తున్నప్పుడు కొన్నా, తర్వాత 20 వచ్చింది, 21 వచ్చింది, ఆ తర్వాత ఏడాది పేరుతో 2024 అని పెట్టడం మొదలుపెట్టారు, అన్నీ అదే లైసెన్స్ మీద దిగాయి, మళ్లీ ఒక్క రూపాయి కట్టలేదు. 12 తర్వాత 13 రాకుండా ఏకంగా 20కి ఎందుకు దూకారు అంటే సాఫ్ట్‌వేర్‌కి ఇరవయ్యేళ్లు నిండిన సంబరంలో అట, సరే వాళ్ల ఇష్టం. నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్లు ఎక్కువైన ఈ రోజుల్లో జీవితకాలం ఫ్రీ అప్‌డేట్ అనేది మాటకే కాదు నిజంగానే ఇస్తున్నారు, దీనికి ఫుల్ మార్కులు.

నేను ప్రొఫెషనల్‌ని కాదు. పొద్దున ఆఫీసు, రాత్రి అద్దె ఫ్లాట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీట్లు. చేసేది ఎక్కువగా హౌస్, కొంచెం ట్రాన్స్ (రెండూ ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ రకాలే), వినాయక చవితి, బోనాలు దగ్గర పడితే ఫ్రెండ్స్ కోసం తీన్‌మార్ మిక్సులు. కాబట్టి ఈ రివ్యూ ఆ కోణంలోనే ఉంటది, సినిమా రీరికార్డింగ్ చేసేవాళ్లకి ఇది పనికొస్తుందా అంటే వాళ్లనే అడగండి.

ఇది బెల్జియం కంపెనీ ఇమేజ్‌లైన్‌ది, 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో వచ్చినప్పుడు ఇది ఉట్టి డ్రమ్ మెషీన్ లాంటిది, 2003లో ఎఫ్ఎల్ స్టూడియో అయింది. ఈ పుట్టుక సంగతి గుర్తుంటే దీని స్వభావం మొత్తం అర్థమవుతది. తెరవగానే ఛానల్ ర్యాక్, ఒక్కో వాయిద్యానికి 16 గడులు. కిక్‌కి 1, 5, 9, 13 నొక్కండి, క్లాప్‌కి 5, 13, ఓపెన్ హ్యాట్‌కి 3, 7, 11, 15, టెంపో నిమిషానికి 124 బీట్లు పెట్టండి, హౌస్ రెడీ. సంగీతం రాని మా తమ్ముడు కూడా చూసిన వెంటనే చేసేశాడు. ఈ 16 గడుల లెక్క రోలాండ్ వాళ్ల 1980 నాటి టీఆర్ 808, 1983 నాటి టీఆర్ 909 మెషీన్ల నుంచి వచ్చిందే, ఆ మెషీన్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే చికాగో, డెట్రాయిట్ కుర్రాళ్లు హౌస్, టెక్నో పుట్టించారు. అందుకే ఆ స్టైల్స్ ఇందులో చేస్తుంటే చెయ్యి దానంతటదే వెళ్తది. టెంపో 174కి పెంచి కిక్ 1, 11 మీద, స్నేర్ 5, 13 మీద పెడితే డ్రమ్ అండ్ బేస్ అయిపోద్ది, 140లో స్నేర్ ఒక్కటే 9వ గడిలో పెడితే డబ్‌స్టెప్ నడక వస్తది. ట్రాప్ హై హ్యాట్ రోల్స్ అయితే పియానో రోల్‌లో (నోట్లని అడ్డ గీతలుగా వేసుకునే విండో) పొడుగు నోట్ పెట్టి ఆల్ట్ యూ కొడితే ముక్కలు చేసిస్తది. మార్టిన్ గ్యారిక్స్, మెట్రో బూమిన్ లాంటి పెద్ద ప్రొడ్యూసర్లు దీంతోనే పని చేశారంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. తీన్‌మార్ ఈ 16 గడుల్లో కూర్చోదు. అది మూడేసి లెక్కన నడిచేది, త్రిశ్ర గతి, దాన్ని నాలుగేసి గడుల్లోకి నెట్టేస్తే ఏదో నడుస్తది కానీ బరాత్‌లో ఎవడి కాలూ కదలదు. యూట్యూబ్‌లో చాలా రోడ్‌షో మిక్సులు అలా బిగుసుకుపోయి ఉండటానికి ఇదే కారణం అని నా గట్టి అనుమానం. పరిష్కారం ఉంది, ఈ 16 గడుల స్టెప్ సీక్వెన్సర్‌ని పక్కన పెట్టేసి పియానో రోల్‌లోకి వెళ్లి స్నాప్‌ని, అంటే నోట్లు అతుక్కునే గడి సైజుని, 1/3 బీట్‌కి మార్చండి, అప్పుడు ఒక బార్‌కి 12 గడులు వస్తాయి, దెబ్బలు సరిగ్గా పడతాయి. కొందరు ప్యాటర్న్ పొడవునే 12 స్టెప్పులు చేసుకుని నడిపిస్తారు, అదీ పని చేస్తది కానీ కింద నాలుగేసి లెక్కలో హౌస్ కిక్ పెట్టాలంటే టెంపో లెక్కలు తల తింటాయి, నాకు 1/3 బీట్ పద్ధతే హాయి.

ఇంకొంచెం లోపలికి వెళ్తే పీపీక్యూ అని ఒకటి ఉంది, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ అని కనిపిస్తది. ఒక బీట్‌ని ఎన్ని సన్న ముక్కలు చేయాలి అనేది అది. మామూలుగా 96 ఉంటది, 96ని మూడుతో భాగిస్తే 32, శుభ్రంగా వస్తది కాబట్టి త్రిశ్రానికి గొడవ లేదు. ఖండ గతి అయిదు పెట్టాలంటే మాత్రం 96 అయిదుతో తెగదు, నోట్లు ఒక వెంట్రుక వాసి అటూ ఇటూ పడతాయి, 120కి గానీ 960కి గానీ మార్చుకోండి. ఏడు కావాలంటే 168 ఉంది, ఏడుతో సరిగ్గా 24. ఈ ముక్క మన భాషలో ఎవరూ చెప్పినట్టు నేను చూడలేదు, తాళం మీద ప్రయోగాలు చేసేవాళ్లు రాసి పెట్టుకోండి. ఆది తాళం అయితే ఏ తంటా లేదు, ఎనిమిది అక్షరాలు కాబట్టి 4/4లో రెండు బార్లు. ఏడు లెక్కన నడిచే మిశ్ర చాపుకి మాత్రం వెర్షన్ 20 నుంచే సుఖం, అప్పటిదాకా ప్రాజెక్ట్ మొత్తానికి ఒకటే టైమ్ సిగ్నేచర్, 20లో మధ్యలో మార్చుకునే వీలు ఇచ్చారు.

డప్పు సౌండ్ సంగతి. నెట్‌లో దొరికే డప్పు లూప్స్ అందరూ అవే వాడతారు, వినీ వినీ విసుగొచ్చింది, నేను ఊళ్లో డప్పు కొట్టే అన్నని బతిమాలి ఒక్కో దెబ్బ విడివిడిగా ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా, సిర్ర దెబ్బ వేరే, సిటికెన పుల్ల దెబ్బ వేరే. మంట దగ్గర కాచిన వెంటనే రికార్డ్ చేయాలి, చల్లారే కొద్దీ చర్మం వదులై శృతి దిగిపోద్ది, పది నిమిషాల తేడాతో తీసిన రెండు దెబ్బలు ఒకే డప్పువి అంటే నమ్మరు. వాటిని ఎడిసన్‌లో (ఎఫ్ఎల్‌లోనే ఉండే ఆడియో ఎడిటర్) వేసి కోసుకోవడం చాలా తేలిక, ఎడిసన్ ఒక్కదాని కోసమే దీన్ని కొనొచ్చు అంటాను. ఆ రికార్డింగ్‌ని మోగించే శాంప్లర్‌లో కట్ ఇట్‌సెల్ఫ్ అని ఒక ఆప్షన్ ఉంటది, అది పెడితే కొత్త దెబ్బ పడగానే పాత దెబ్బ మోత ఆగిపోద్ది, నిజం డప్పు మీద అంతే కదా. ఆ తర్వాత ఆల్ట్ ఆర్ కొట్టి వెలాసిటీ, అంటే దెబ్బ బలం, కొంచెం చిందరవందర చేయాలి, అన్ని దెబ్బలూ ఒకే బలంతో పడితే మెషీన్ అని చెవి వెంటనే పట్టేస్తది. సిటికెన పుల్ల దెబ్బల్ని ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో గీత మీద నుంచి కాస్త వెనక్కి లాగుతా నేను, ఎంత లాగాలి అనేది చెవికే తెలియాలి.

ఇక పేచీ. గమకం, అంటే స్వరాన్ని తిన్నగా కాకుండా ఊపుతూ, జారుస్తూ పలికించడం.

పియానో రోల్ మీద నాకు ఫిర్యాదు లేదు, నేను వాడిన సాఫ్ట్‌వేర్లు అన్నిట్లోకీ ఇదే బెస్ట్, పక్క వాయిద్యాల నోట్లు నీడలా వెనక కనపడే ఘోస్ట్ నోట్స్ ఉంటాయి, స్కేల్ హైలైట్ ఉంటది, మోహనం రాగం పెట్టుకుని కూర్చుంటే అయిదు స్వరాల్లో తప్పు పడే ఛాన్స్ లేదు. మోహనం, హంసధ్వని కీబోర్డ్ సౌండ్ మీద తేలిగ్గా ఒప్పుకుంటాయి. తోడి రాగం పెట్టండి చూద్దాం. తోడిలో గాంధారం నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటది, దాన్ని తిన్నగా ఒక గడిలో పెడితే తోడి కాదు వేరే ఏదో.

ఎఫ్ఎల్‌లో దీనికి స్లైడ్ నోట్స్ ఉన్నాయి. ఒక పొడుగు నోట్ మోగుతుండగా ఇంకో చోట స్లైడ్ గుర్తున్న నోట్ పెడితే మొదటి నోట్ ఆ శృతికి జారుతది, ఆ స్లైడ్ నోట్ ఎంత పొడుగుంటే అంత నెమ్మదిగా. అద్భుతమైన ఫీచర్. దీంతో చేసిన బిట్ ఒకటి వీణ నేర్చుకున్న మా పిన్నికి వినిపిస్తే "బానే ఉందిరా, కానీ జారుతోంది అంతే, ఊగట్లేదు" అంది. కరెక్టే, జారు ఒక గమకం, ఊగే కంపితం ఇంకొకటి. కంపితానికి ఎల్ఎఫ్ఓ (సౌండ్‌ని దానంతటదే ఊపే సెట్టింగ్) పెట్టేవాళ్లని చూశా, అది రెండు వైపులా సమానంగా ఊగుతది, పాటగాడి గొంతు అలా ఊగదు, ఒక్కో ఊపు వేరుగా ఉంటది. నేను చేసేది ఏంటంటే పొట్టి పొట్టి స్లైడ్ నోట్లు రి మ రి మ అని పేర్చి, ఒక్కోదాని పొడవు కొంచెం కొంచెం మార్చి, చివర్న గ మీద ఆపడం. ఒక్క లైన్‌కి ఒక సాయంత్రం పోద్ది. వచ్చినప్పుడు మాత్రం ఆ కిక్కే వేరు.

ఇందులో పెద్ద మెలిక ఏంటంటే ఈ స్లైడ్ నోట్స్ ఎఫ్ఎల్ సొంత వాయిద్యాల మీదే పని చేస్తాయి, సైట్రస్, త్రీఎక్స్ ఓస్క్, మామూలు శాంప్లర్ ఇలాంటివి. బయట కొన్న వీఎస్టీ (వేరే కంపెనీల ప్లగిన్) వీణ, ఫ్లూట్ వేశారంటే స్లైడ్ గుర్తుకి విలువ లేదు, పిచ్ బెండ్ ఆటోమేషన్ చేత్తో గీసుకోవాలి, పైగా ప్లగిన్ లోపల బెండ్ రేంజ్ (శృతి ఎంత దూరం వంగాలనేది), ఎఫ్ఎల్‌లో రేంజ్ రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే మ దాకా వెళ్లాల్సింది ఇంకెక్కడికో పోద్ది. అంటే మంచి వీణ సౌండ్ కావాలంటే గీతలు గీయాలి, సులువుగా గమకం కావాలంటే సింథ్ సౌండ్‌తో సర్దుకోవాలి. ఇన్నేళ్లలో ఇన్ని అప్‌డేట్లు ఇచ్చారు, ఈ గోడ అలాగే ఉంది.

నేనైతే సింథ్ వైపే వెళ్లిపోయా, దానికి ధైర్యం ఇచ్చింది చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా పాటలకి వాయించిన ఆయన, 1982లోనే 808 డ్రమ్స్, టీబీ 303 బేస్ మెషీన్, జూపిటర్ 8 సింథ్ పెట్టుకుని డిస్కో బీట్ మీద పది రాగాలు వాయించి రికార్డ్ చేశాడు. అమెరికాలో యాసిడ్ హౌస్ అనే పేరు పుట్టడానికి అది చాలా ముందు. 303లో ఒక్కో స్టెప్‌కి స్లైడ్ పెట్టుకోవచ్చు, రాగం దాని మీద ఎందుకు అంత నప్పిందో వింటే తెలుస్తది. ఎఫ్ఎల్‌లో ఆ 303ని తలపించే ట్రాన్సిస్టర్ బాస్ అని ప్లగిన్ ఉంది, భైరవ్ రాగం స్వరాలు వేసి ఫిల్టర్ నాబ్ తిప్పుతూ కూర్చుంటే టైం తెలియదు.

పాడి రికార్డ్ చేసుకునేవాళ్లకి మాత్రం నేను దీన్ని ఫస్ట్ ఛాయిస్‌గా చెప్పను. ప్లేలిస్ట్‌లో ట్రాక్, మిక్సర్‌లో ట్రాక్ దేనికదే, క్యూబేస్ లాంటి వేరే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు వాడి వచ్చినవాళ్లకి ఇది పిచ్చెక్కిస్తది. నాలుగు టేకులు పాడి మంచి ముక్కలు ఏరుకోవడం కుదురుతది కానీ చాకిరీ. లేటెన్సీ, అంటే సౌండ్ ఆలస్యంగా వినపడటం గురించి ఒక మాట, 44100 శాంపిల్ రేట్‌లో బఫర్ 512 శాంపిళ్లు పెడితే ఆలస్యం దాదాపు 11.6 మిల్లీసెకన్లు, 256కి 5.8, పాడేటప్పుడు 256, మిక్సింగ్‌లో ఇంకా పెంచేసుకోండి, లేదంటే చిన్న ల్యాప్‌టాప్‌లో చిటపటలు మొదలవుతాయి. ఏసియో ఫర్ ఆల్ అనే సౌండ్ డ్రైవర్ వాడితే కొన్నిసార్లు బ్రౌజర్‌లో సౌండ్ రాదు, దాంతోపాటే వచ్చే ఎఫ్ఎల్ స్టూడియో ఏసియోలో ఆ బాధ లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తే సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి, మన అద్దె ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేస్తే పోద్ది. కుక్కర్ విజిల్‌కి మాత్రం మందు లేదు, అమ్మని అడిగి టైం మార్చుకోవడమే.

మిక్సింగ్‌కి బయట ప్లగిన్లు కొనక్కర్లేదు, పారామెట్రిక్ ఈక్యూ 2, ఫ్రూటీ లిమిటర్, మ్యాక్సిమస్ చాలు. హౌస్‌లో కిక్ పడినప్పుడల్లా సింథ్ కిందకి నొక్కుకుపోయే ఆ పంపింగ్ ఉందే, అది లిమిటర్‌లో సైడ్‌చెయిన్‌తోనే (ఒక సౌండ్ వచ్చినప్పుడు ఇంకోదాన్ని తగ్గించే పద్ధతి) అయిపోద్ది. సౌండ్‌గుడైజర్ అని ఒక నాబ్ ఉంది, తిప్పితే అన్నీ లౌడ్ అయి బాగున్నట్టు అనిపిస్తది, దాని లోపల ఉండేది మ్యాక్సిమస్ ఇంజనే, మాస్టర్ మీద దాన్ని వేసి వదిలేయకండి ప్లీజ్. స్పాటిఫై ఎలాగూ మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (పాట ఎంత లౌడ్‌గా ఉందో కొలిచే లెక్క) దింపేస్తది, అంత నలిపి లాభం లేదు. డీజే ట్రాలీ మీద మోగాల్సిన మిక్స్ అయితే లెక్క వేరు, అక్కడ బేస్‌ని మోనోలో, అంటే రెండు వైపులా ఒకేలా, ఉంచండి, ఓ పక్క బాక్సుల దగ్గర నిలబడ్డవాడికి సగమే వినపడకూడదు కదా.

ఎడిషన్ల విషయానికి వస్తే ఫ్రూటీ ఎడిషన్ చవక అని తొందరపడకండి, నేను కొన్నప్పుడు దాంట్లో ప్లేలిస్ట్‌లో ఆడియో క్లిప్స్ పెట్టనిచ్చేది కాదు, గొంతు గానీ డప్పు రికార్డింగ్ గానీ పొడుగు ముక్క వేయాలంటే ప్రొడ్యూసర్ కావాల్సి వచ్చేది, ఇప్పుడు దేంట్లో ఏముందో కొనే ముందు చూసుకోండి. న్యూటోన్‌తో గొంతు శృతి సరిచేసుకోవాలంటే సిగ్నేచర్. క్రాక్ వెర్షన్ల జోలికి పోకండి, వైరస్‌ల సంగతి పక్కన పెడితే ఆ ఫ్రీ అప్‌డేట్లే పోతాయి, ఇంక దీని గొప్పేముంది. ట్రయల్‌కి టైం లిమిట్ లేదు, అన్ని ప్లగిన్లూ తెరుచుకుంటాయి, పాట ఎక్స్‌పోర్ట్ కూడా అవుద్ది, ఒక్కటే, సేవ్ చేసిన ప్రాజెక్ట్ మళ్లీ తెరుచుకోదు. అందుకని ట్రయల్‌లో ఏది మొదలుపెట్టినా ప్రోగ్రాం మూసేలోపు వేవ్ ఫైల్ తీసి పెట్టుకోండి, ప్రాజెక్ట్ ఫైల్ కూడా డిలీట్ చేయకండి, తర్వాత లైసెన్స్ కొంటే అవన్నీ తెరుచుకుంటాయి.